మీ ఫొటోలో బాణం గుర్తు తప్పు చోట ఉంది

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో నడుముకి వ్యాయామాలంటూ ఒక వ్యాసం వేశారు. అందులో నాలుగో ఫొటో గురించే ఈ ఉత్తరం. స్టూలు మీద కూర్చున్న ఒక అమ్మాయి మొహం, భుజాలు బాగా కుడివైపుకి తిప్పి ఉంది. ఆమె నడుము చుట్టూ ఎర్ర బాణం గీసి, దాని కింద "నడుమును 45 డిగ్రీలు తిప్పితే బిగుసుకున్న డిస్కులు వదులవుతాయి" అని రాశారు. నేను ఫిజియోథెరపీ విద్యార్థులకి అనాటమీ చెప్పి రిటైరైన మనిషిని. ఆ బాణం చూశాక ఊరుకోలేకపోయాను. నడుము పూసలు నిజంగా 45 డిగ్రీలు తిరిగి ఉంటే ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని నవ్వుతూ ఉండదు, స్ట్రెచర్ మీద ఉంటుంది.

వ్యాయామం తప్పని నేననడం లేదు. ఆ అమ్మాయి చక్కగానే చేస్తోంది. బాణం గీసిన చోటే తప్పు. అది చంకల కింద, పక్కటెముకల దగ్గర ఉండాలి. ఇంత చిన్న విషయానికి ఉత్తరం దేనికని మీకు అనిపించవచ్చు. బాణం నడుము మీద ఉంటే చదివినవాళ్లు నడుమునే తిప్పాలని చూస్తారు. తిరగకపోతే బిగుసుకుపోయిందనుకుంటారు. బిగుసుకుపోయింది కదా అని వెనక నుంచి ఇంకొకరి చేత నెట్టించుకుంటారు. అసలు తిరగడానికి కట్టని చోట బలవంతంగా తిప్పించుకోవడం అన్నమాట.

ఆ కట్టుబడి ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి. పక్కటెముకలున్న 12 పూసల కింద, తుంటి ఎముకల మధ్య ఇరుక్కుని ఉండే త్రికాస్థికి పైన, 5 పెద్ద వెన్నుపూసలుంటాయి. అదే నడుము. డాక్టర్లు వీటిని ఎల్-1 నుంచి ఎల్-5 దాకా లెక్కపెడతారు. స్కానింగ్ రిపోర్టుల పుణ్యమా అని ఎల్-4, ఎల్-5 అన్న మాటలు ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్నాయి. ఒక్కో పూసకి ముందు మందపాటి దిమ్మ, వెనక ఒక వలయం. దిమ్మకీ దిమ్మకీ మధ్య దిండులాంటి డిస్కు ఉంటుంది. వెనక వలయం నుంచి పైకి రెండు, కిందికి రెండు కొమ్ములు బయల్దేరతాయి. పై పూస తాలూకు కింది కొమ్ములు, కింది పూస తాలూకు పై కొమ్ముల మధ్యలోకి దిగి, కుడిన ఒకటి, ఎడమన ఒకటి చిన్న కీళ్లు కడతాయి. వీటిని ఫేసెట్ కీళ్లు అంటారు. డిస్కు గురించి మాట్లాడేవాళ్లు లక్షమంది ఉంటే వీటి గురించి మాట్లాడేవాళ్లు పదిమంది కూడా ఉండరు. ఒక్కో కీలు బొటనవేలి గోరంత ఉంటుంది గానీ నడుము ఎటు కదలాలో, ఎటు కదలకూడదో తేల్చేది ఎక్కువగా ఇవే.

ఛాతీ భాగంలో ఈ కీళ్ల పలకలు ముందుకీ వెనక్కీ చూస్తుంటాయి. అందుకని ఒకదాని మీద ఒకటి జారుతూ పక్కకి తిరగడానికి వాటికి పెద్ద అడ్డేమీ లేదు. నడుములోకి వచ్చేసరికి అవే పలకలు మలుపు తీసుకుని, ఒకదానికొకటి పక్కవాటుగా నిలువునా నిలబడతాయి. సొరుగు దాని పట్టాల మీద ముందుకీ వెనక్కీ హాయిగా నడుస్తుంది, పక్కకి నెడితే ఠక్కున ఆగిపోతుంది. నడుము పూసలదీ అదే పరిస్థితి. ఈ మలుపు ఎక్కువమందిలో ఛాతీ చివరి పూస దగ్గరే జరుగుతుంది. ఆ ఒక్క పూసకి పైన ఛాతీ తరహా కీళ్లు, కింద నడుము తరహా కీళ్లు. ఎముకల పెట్టెలోంచి ఆ పూస తీసి విద్యార్థి చేతిలో పెట్టి, పై కొమ్ము మీద ఒక వేలు, కింది కొమ్ము మీద ఒక వేలు పెట్టించేదాన్ని. రెండు వేళ్లూ రెండు దిక్కులకి చూస్తుంటే, నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకుండానే పాఠం అయిపోయేది.

ఇక లెక్కలు. నడుములో రెండు పూసల మధ్య పక్కకి తిరగడం ఒక్కో వైపుకి సుమారు 2 డిగ్రీలు. కొందరిలో అదీ ఉండదు. అన్నిటికన్నా కింద, ఎల్-5కి, త్రికాస్థికి మధ్యనైతే ఒక డిగ్రీ. పూసా పూసా కలిసే ఒక్కో చోటునీ ఒక మెట్టనుకుంటే, అన్ని మెట్లూ కలిపి కూడినా ఒక వైపుకి 10 డిగ్రీలు దాటదు. ఛాతీ భాగం ఒక్కటే 30, 35 డిగ్రీల దాకా తిరుగుతుంది. మీ ఫొటోలో అమ్మాయి తిరిగినది ఎక్కువగా ఛాతీతో. ఆ పైన భుజాలు, మెడ సాయం చేశాయి. నడుము వాటా ఏమంత లేదు.

ఎడమకి తిరిగామనుకోండి, పూస వెనక భాగం కుడికి పోతుంది. అప్పుడు కుడివైపు ఫేసెట్ కీలు మూసుకుని, ఎముక మీద ఎముక ఆనుతుంది. ఎడమవైపు కీలు కొద్దిగా తెరుచుకుంటుంది. ఆ ఒకటి రెండు డిగ్రీలైనా దొరుకుతున్నాయంటే కీలు లోపలి మృదులాస్థి కాస్త నొక్కుకుపోవడం వల్లే. ఆ మాత్రానికే ఎందుకు ఆపాలి, ఇంకొంచెం వదిలితే ఏం పోయిందని మా విద్యార్థులు అడిగేవారు. దానికి జవాబు డిస్కులో ఉంది. డిస్కు అంచంతా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొరలో తంతువులు ఒక వాలుకి ఉంటే, దాని పక్క పొరలో ఎదురు వాలుకి ఉంటాయి. ముందుకి వంగినప్పుడు వెనకవైపు పొరలన్నీ కలిసి భారం మోస్తాయి. పక్కకి తిప్పినప్పుడు మాత్రం ఒక వాలులో ఉన్న తంతువులే బిగుస్తాయి, ఎదురు వాలువి వదులైపోతాయి. అంటే సగం మంది పని చేస్తుంటే సగం మంది చూస్తూ ఉంటారు. ఒక్కో మెట్టు దగ్గర 3 డిగ్రీలు దాటాక ఆ తంతువులకి దెబ్బ తగిలే అవకాశం మొదలవుతుంది. ఫేసెట్ కీళ్లు అంతకంటే ముందే తలుపు మూస్తున్నాయి. మీ వ్యాసం "వదులు" చేయమంటున్నది ఆ కాపలానే.

నమ్మకం లేకపోతే గుండీల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చోండి. మోకాళ్లు దగ్గరగా పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, తుంటి కదలకుండా పక్కకి తిరగండి. బొడ్డు దగ్గర గుండీ కొద్దిగా జరుగుతుంది, గొంతు దగ్గర గుండీ చాలా దూరం పోతుంది. ఇప్పుడు లేచి నిలబడి అదే చేయండి. ఈసారి ఇంకా ఎక్కువ తిరుగుతారు. అది తుంటి కీళ్ల చలవ. ఛాతీ, తుంటి రెండూ బాగా తిరిగే మనిషికి నడుము తిప్పాల్సిన అవసరమే రాదు. అవి బిగుసుకుపోయిన మనిషిలో ఆ లోటు భర్తీ చేసే పని నడుము నెత్తిన పడుతుంది. వ్యాయామం చెప్పదలచుకుంటే ఆ రెండు చోట్లకి చెప్పండి.

ముందుకి వంగడం దగ్గరికొస్తే నడుము ఇంత పిసినారి కాదు. ముందుకీ వెనక్కీ కలిపి పై మెట్టు దగ్గర 12 డిగ్రీలతో మొదలై కిందికి వచ్చేకొద్దీ పెరుగుతూ, అట్టడుగున 17 దాకా వస్తుందని పాఠ్యపుస్తకాల లెక్క. పక్కకి తిరగడంలో అన్నిటికంటే మొండిదైన ఆ చివరి మెట్టే వంగడంలో అన్నిటికంటే ధారాళం. అందుకే అరుగుదలా, డిస్కు జారడమూ ఎక్కువగా కింది రెండు మెట్ల దగ్గరే చూస్తాం. వంగినప్పుడు పై పూస ముందుకి వాలుతూ కొద్దిగా ముందుకి జరుగుతుంది. ఫేసెట్ కొమ్ములు 5 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా పైకి లేస్తాయి. పూస మరీ ముందుకి జారిపోకుండా ఎదురు నిలిచేదీ ఆ కొమ్ములే.

వంగడాన్ని ఆపేది ఏమిటి? కండరాలని చాలామంది అనుకుంటారు. 1980లో ఆడమ్స్, హట్టన్ అనే పరిశోధకులు తమ బృందంతో కలిసి, దానం చేసిన శరీరాల నుంచి తీసిన నడుము పూసల మీద ఇదే కొలిచారు. ఎముకని ఎముకకి బిగించే ఒక్కో కట్టునీ, అంటే లిగమెంటునీ, వరసగా కోస్తూ, మిగిలినది ఎంత తట్టుకుంటుందో చూశారు. వంగడానికి ఎదురు నిలిచే బలంలో ఫేసెట్ కీళ్ల చుట్టూ ఉండే సంచి వాటా 39 శాతం, డిస్కుది 29, వలయాల వెనక పొడుచుకొచ్చి ఉండే ముళ్ల మధ్యా ముళ్ల మీదా ఉండే లిగమెంట్లది 19, వలయాల మధ్య ఉండే పసుపు లిగమెంటుది 13. డిస్కుకి ఇక్కడ రెండో స్థానమే దక్కింది.

ఆ పసుపు లిగమెంటు గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి పోలేను, అది నాకు ఇష్టమైన భాగం. శరీరంలో చాలా లిగమెంట్లు తెల్లగా, సాగకుండా ఉంటాయి. ఇది పసుపు రంగులో ఉండి సాగుతుంది. సుమారు 80 శాతం సాగే పదార్థమే, దాని పేరు ఎలాస్టిన్. వంగినప్పుడు సాగిన కట్టు, నిటారుగా నిలబడినప్పుడు ముడతలు పడితే ఆ ముడతలు నేరుగా నరాలున్న గొట్టంలోకి పొడుచుకొస్తాయి. సాగే గుణం ఉండబట్టి మళ్లీ బిగుతుగా పొట్టిదైపోతుంది, ముడతకి చోటుండదు. వయసు మీద పడ్డాక ఇది మందమెక్కి, సాగే గుణం తగ్గుతుంది. పెద్దవాళ్లలో కొందరు కాసేపు నడవగానే కాళ్లు లాగి, తిమ్మిరెక్కి, ముందుకి వంగి దేనిమీదైనా ఆనుకుంటే హాయిగా ఉందంటారు కదా, అందులో దీని పాత్ర ఉంది. వెనక్కి నిటారైతే గొట్టం ఇరుకవుతుంది, ముందుకి వంగితే వెడల్పవుతుంది. అలాంటివాళ్లని "గూని లేకుండా నిలబడు" అని కసురుకోవడం అన్యాయం.

కండరాల మాటకొస్తే, ఒక వింత ఉంది. ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు 1950ల్లో వీపు కండరాల విద్యుత్ సంకేతాలు తీసి చూశారు. మనిషి వంగడం మొదలుపెట్టినప్పుడు వీపు కండరాలు గట్టిగా పనిచేస్తూ శరీరాన్ని మెల్లగా దించుతాయి. పూర్తిగా వంగాక అవి పని ఆపేస్తాయి. గ్రాఫు మీద గీత చదునైపోతుంది. అప్పుడు పైభాగం బరువంతా లిగమెంట్ల మీద, డిస్కుల మీద వేలాడుతుంది. నడుము నొప్పి ఉన్న చాలామందిలో ఈ విశ్రాంతి కనపడదు. పూర్తిగా వంగినా కండరాలు పట్టు వదలవు. ఇలా వంగి ఎక్కువసేపు ఉంటే ఇంకో ఇబ్బంది. ఇరవై నిమిషాలు వంగి కూర్చుంటే వెనక కట్లు కొద్దిగా సాగుతాయి. లేచిన రెండు నిమిషాల్లో అందులో సగమే వెనక్కి వస్తుంది, మిగిలినదానికి అరగంట పైనే పడుతుంది. కాబట్టి చాలాసేపు వంగి పనిచేసి లేచిన వెంటనే బరువెత్తడానికి పోకుండా, కాసేపు అటూ ఇటూ నడవడం మంచిది.

మీ వ్యాసంలో ఏడో వ్యాయామం మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం. "అందకపోతే మీ వెన్నెముక బిగుసుకుపోయినట్టే" అని రాశారు. ఇది బాణం కంటే పెద్ద తప్పు. కాలివేళ్ల దాకా వంగడంలో నడుము ఇచ్చేది 40 నుంచి 60 డిగ్రీలు. మిగతాదంతా తుంటి దగ్గర కటి ఎముక ముందుకి వాలడం వల్ల వస్తుంది. ఆ వాలడాన్ని ఆపేది ముఖ్యంగా తొడ వెనక కండరాలు, అంటే హ్యామ్‌స్ట్రింగ్స్. అవి కటి ఎముక అడుగునుంచి మోకాలి కింద దాకా ఉంటాయి. అవి పొట్టిగా ఉంటే నడుము ఎంత మెత్తగా ఉన్నా చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి. కాళ్ల పొడవు, చేతుల పొడవు కూడా లెక్కలోకొస్తాయి.

మా క్లాసులో జిమ్నాస్టిక్స్ చేసే అమ్మాయి ఒకతె ఉండేది. అరచేతులు నేలకి ఆనించేది. వెనక బెంచీలో ఒక పొడుగు కుర్రాడు, చేతులు మోకాలి కిందికి దిగేవి కావు. ఎవరి నడుము ఎక్కువ వంగుతుందని అడిగితే క్లాసంతా అమ్మాయి వైపు చూపించింది. దర్జీ టేపు తెప్పించి కొలిపించాను. అమ్మాయి నడుము కంటే కుర్రాడి నడుమే ఎక్కువ వంగింది! ఆ అమ్మాయి తుంటి దగ్గర మడత పడేది, అతను నడుములో. మరుసటి వారం దాకా అతను కాలరెత్తుకుని తిరిగాడు. నిజానికి అందులో గర్వపడాల్సింది ఏమీ లేదు. తుంటి వంగక నడుము వంగుతుంటే, రోజంతా వంగి చేసే పనుల భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించండి.

టేపుతో కొలవడం ఎలాగో చెబుతాను, మీ పేజీకి పనికొస్తుంది. షోబర్ అనే జర్మన్ వైద్యుడు 1937లో చెప్పిన పద్ధతి ఇది. 1969లో మాక్రే, రైట్ కాస్త సవరించారు. నిటారుగా నిలబడాలి. నడుము అడుగున, పిరుదుల పైన రెండు పక్కలా చిన్న గుంటలుంటాయి. వాటిని కలిపే గీత మధ్యలో పెన్నుతో ఒక చుక్క పెట్టాలి. దానికి 10 సెంటీమీటర్ల పైన ఒక చుక్క, 5 సెంటీమీటర్ల కింద ఒక చుక్క. పై చుక్కకీ కింది చుక్కకీ మధ్య 15 సెంటీమీటర్లు. ఇప్పుడు మోకాళ్లు వంచకుండా వీలైనంత వంగి మళ్లీ కొలిస్తే, ఆరోగ్యంగా ఉన్న ఎదిగిన మనుషుల్లో అది 20 లేదా ఆపైన రావాలి. చర్మం మీద గీతలతో పూసల కదలికని పట్టడం గనక ఇది మోటు కొలతే. అయినా వేళ్లు నేలకి అందాయా లేదా అన్నదానికంటే వందరెట్లు నయం. కుర్రవాళ్లలో ఈ కొలత బాగా తగ్గిపోయి, పొద్దున లేవగానే అరగంట పైన బిగుతు ఉండి, పడుకుంటే పెరిగి, కదిలితే తగ్గుతుంటే, వ్యాయామాల పేజీ పక్కన పెట్టి డాక్టరుకి చూపించుకోవాలి. పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఉంది. అది చాలాసార్లు ఇరవైల్లోనే మొదలై, మామూలు నడుం నొప్పి అనుకుని ఏళ్లు గడిపేస్తుంటారు.

మీ వ్యాసకర్త "నిద్ర లేవగానే, పక్క దిగకముందే" వంగే వ్యాయామాలు చేయమన్నారు. దీనికీ నా అభ్యంతరం ఉంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేచేసరికి మనిషి దాదాపు ఒక శాతం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు పొడుగవుతాడు. లేచి తిరిగిన మొదటి గంటలోనే అందులో సగం పోతుంది. ఉబ్బిన డిస్కు బిగుతుగా ఉంటుంది, దాని చుట్టూ కట్లు ముందే లాగి ఉంటాయి. అందుకే పొద్దున నడుము వంగడం కొన్ని డిగ్రీలు తక్కువ. మధ్యాహ్నం వంగినంత పొద్దున వంగితే డిస్కు మీద వంపు భారం సుమారు 300 శాతం, లిగమెంట్ల మీద 80 శాతం పెరుగుతుందని 1987లో ఆడమ్స్ బృందం లెక్క కట్టింది. 1998లో స్నూక్ బృందం నడుం నొప్పి ఉన్నవాళ్లకి పొద్దున్నే వంగడం మానమని నేర్పితే నొప్పి తగ్గింది. పరగడుపున చేసే పుణ్యం ఇంకేదైనా ఉంటే చేసుకోండి గానీ ఈ వంగడాలు గంట ఆగి మొదలుపెట్టండి.

వెనక్కి వంగడం కథ చిన్నది. 15 నుంచి 30 డిగ్రీలు. ముందు భాగంలో పూసలన్నిటినీ కలుపుతూ పొడుగ్గా పోయే ఒక పట్టీ బిగుస్తుంది. వెనక ముళ్లు ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఫేసెట్ కొమ్ముల కొసలు కింది వలయానికి ఆనుతాయి. ఎముక ఎముకకి తగిలాక ఇక సాగదీయడానికేమీ ఉండదు. ఎముకకి స్ట్రెచింగ్ చెప్పలేం. ఫాస్ట్ బౌలర్ల నడుములో పగుళ్లు వస్తున్నాయని మీ క్రీడల పేజీలోనే తరచూ చదువుతుంటాం. వెనక్కి వంగుతూ, పక్కకి ఒరుగుతూ, తిరుగుతూ, ముందు కాలు నేలకి గుద్దుకున్న ఆ క్షణంలో దెబ్బ పడేది కొమ్ముల మధ్య ఉన్న సన్నటి ఎముక ముక్క మీద.

పక్కకి వంగడం ఒక్కో వైపుకి మొత్తం 20 డిగ్రీలు, ఒకటి రెండు అటూ ఇటూ. పక్కకి వంగినప్పుడు పూస తనంతట తానే ఒకింత తిరుగుతుంది కూడా. ఎల్-5 మాత్రం అంతగా ఒరగదు. దాన్ని తుంటి ఎముకకి కట్టేసే బలమైన లిగమెంట్లు రెండు పక్కలా ఉన్నాయి.

ఇప్పటిదాకా చెప్పినవి ఎముకలూ కట్లూ పెట్టే హద్దులు. నిజ జీవితంలో నడుం నొప్పి మనిషిని ఆపేది చాలాసార్లు ఇవి కావు. నిలబడి వంగమంటే పదిహేను డిగ్రీలకే ఆగిపోయి, చెమటలు పట్టే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు ఛాతీకి లాక్కోమంటే సులువుగా లాక్కుంటాడు. రెండింటిలోనూ నడుము వంగుతుంది. మరి మొదటిసారి ఆపింది ఎవరు? కాపలా కాస్తున్న కండరాలు, వాటి వెనక భయం. ఆ భయానికి స్కానింగ్ రిపోర్టు ఒక్కోసారి ఆజ్యం పోస్తుంది. నొప్పి ఏమీ లేని మనుషుల స్కాన్ల మీద 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనపడిందట. డిస్కు ఉబ్బు కూడా అంతే, ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక సహోద్యోగి తన రిపోర్టు చదువుకుని కొన్ని నెలల పాటు కింద పడ్డ పెన్ను కూడా తీసుకునేవాడు కాదు, అటెండర్‌ని పిలిచేవాడు. నడుము ఆ పెన్ను కోసం వంగడానికే పుట్టింది. మనం భయపడాల్సింది బరువు పట్టుకుని, పూర్తిగా వంగి, అదే ఊపులో పక్కకి తిరిగే పనికి. బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, తిరగాల్సి వస్తే పాదాలు కదిపి తిరగడం, ఈ రెండూ నేర్పినా మీ పేజీ ఎంతో మేలు చేసినట్టే. 1999లో విల్కే బృందం ఒక మనిషి డిస్కులోకి సెన్సర్ పంపి ఒత్తిడి కొలిచింది. 20 కిలోల బరువుని వీపు గుండ్రంగా వంచి ఎత్తితే 2.3 మెగాపాస్కల్స్, మోకాళ్లు వంచి ఎత్తితే 1.7, ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1. ఊరికే నిలబడితే 0.5.

ఇంకొక్క విషయం. వ్యాయామంతో పని లేనివి కొన్ని ఉన్నాయి. నడుం నొప్పితో పాటు మూత్రం రాకుండా ఆగిపోయినా, లేక తెలియకుండా పోయినా, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాళ్లలో బలం తగ్గుతున్నా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నుపాము ఎల్-1, ఎల్-2 దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద గొట్టంలో ఉండేది నరాల గుత్తి. అది నలిగితే గంటలు లెక్క. దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన నొప్పికి, జ్వరంతో వచ్చిన నొప్పికి, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చిన నొప్పికి, పూర్వం క్యాన్సర్ వచ్చినవాళ్ల నొప్పికి కూడా ముందు పరీక్ష, తర్వాతే వ్యాయామం. మీ వ్యాసంలో ఈ మాట ఒక్కటి కూడా లేదు.

ఉత్తరం పొడవైందని తెలుసు. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే ఫాస్ట్ బౌలర్లనీ, పసుపు లిగమెంటునీ, నా విద్యార్థులనీ తీసేయండి. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో రాసిన పై పేరాని మాత్రం ముట్టుకోకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అనాటమీ టీచర్